కీళ్ళు అరిగిన పెద్దవారికి ఎముకల మందు: ఏది ఎవరికి కుదురుతుంది

మా మేనత్త ఊరు కోనసీమలో గోదావరి పాయను ఆనుకుని ఉన్న ఒక లంక. ఆమె వయసు 76 ఏళ్ళు, బరువు 45 కిలోలు. మోకాళ్ళు రెండూ విల్లులా బయటికి వంగిపోయి, పదేళ్ళుగా గోడ పట్టుకునే నడుస్తోంది. మూడేళ్ళ క్రితం వర్షాకాలంలో కాలువ రేవులో పాకుడు పట్టిన మెట్టు మీద జారి, అరచేయి నేలకు ఆనించగానే ఆమె మణికట్టు విరిగింది. కట్టు కట్టినవారూ, చూడవచ్చిన చుట్టాలూ అన్నది ఒకటే మాట: "మోకాళ్ళు అరిగిపోయాయి కదా, అందుకే పడింది." పడడానికి కారణం అదే కావచ్చు. కానీ నిలుచున్న ఎత్తు నుంచి పడినంత మాత్రాన ఎముక ఎందుకు విరగాలన్న ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు. అది తట్టడానికి మరో ఏడాది పట్టింది. ఈలోగా నడుములో ఒక వెన్నుపూస కుంగిపోయింది.

తీవ్రమైన కీళ్ళ జబ్బుతో ఉన్న పెద్దవారికి ఎముకలు గుల్లబారడం కూడా తోడైనప్పుడు ఏ పరీక్షను నమ్మాలి, ఏ మందును ఎంచుకోవాలి అన్నదే ఇక్కడి విషయం. మందు రాయవలసింది వైద్యుడే. అయితే ఆ నిర్ణయాన్ని అటో ఇటో తిప్పే వివరాలు చాలావరకు ఇంటివాళ్ళ దగ్గరే ఉంటాయి. పెద్దావిడ అరగంట సేపు నిటారుగా కూర్చోగలదా, రోజూ నొప్పి బిళ్ళ వేసుకుంటోందా, ఆరు నెలలకొకసారి పట్నానికి తీసుకువెళ్ళే మనిషి ఉన్నాడా అన్నవి ఏ రిపోర్టులోనూ రాసి ఉండవు. నా అనుభవంలో మందుకూ మందుకూ మధ్య ఉన్న బలాబలాల తేడా కన్నా, వాడే మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాయే పెద్దది.

కీలు నొప్పి వెనుక దాగే జబ్బు

మోకాలి గుజ్జు అరిగినవారికి ఎముక గట్టిగానే ఉంటుందన్న నమ్మకం చాలాకాలంగా ఉంది. దానికి కొంత ఆధారం లేకపోలేదు. అరుగుదల వల్ల వచ్చే ఆస్టియో ఆర్థరైటిస్ ఉన్నవారిలో ఎముక సాంద్రత సగటున కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది. అయినా అందుకు తగినట్టు వారిలో ఎముకలు విరగడం తగ్గదు, ఎందుకంటే తొడ కండరాలు సన్నబడి, మోకాలు ఒక్కసారిగా మడతపడి, వాళ్ళు ఎక్కువగా పడిపోతుంటారు. వేళ్ళ కణుపులు వాచి వంకరపోయే రుమటాయిడ్ ఆర్థరైటిస్ సంగతి వేరు. అందులో వాపే ఎముకను లోపలి నుంచి తినేస్తుంది. దానికి స్టెరాయిడ్ బిళ్ళలు తోడైతే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. ఎముక విరిగే అవకాశాన్ని లెక్కగట్టే ఫ్రాక్స్ అనే పద్ధతిలో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు విడిగా ఒక గడి ఉంది. మోకాళ్ళ అరుగుదలను ఆ గడిలో గుర్తించకూడదు. "కీళ్ళవాతం" అన్న ఒక్క మాటతో రెండింటినీ కలిపి చెప్పుకునే మన అలవాటు వల్ల ఇక్కడ పొరపాటు జరిగే వీలుంది.

మడమ పరీక్షా, డెక్సానా?

ఉచిత శిబిరాలలో మడమను చిన్న యంత్రంలో పెట్టి, రెండు నిమిషాలలో ఎముక బలం చెప్పి పంపిస్తారు. అది అల్ట్రాసౌండ్ పరీక్ష. దాని అంకెను డెక్సా (ఎముక సాంద్రతను ఎక్స్‌రే కిరణాలతో కొలిచే పరీక్ష) అంకెతో పోల్చకూడదు, దాని ఆధారంగా జబ్బును నిర్ధారించకూడదు, మందు పనిచేస్తోందో లేదో దానితో తేల్చనూ కూడదు. బాగాలేదని చెబితే డెక్సాకు వెళ్ళడానికి అదొక కారణంగా తీసుకోవచ్చు. బాగుందని చెప్పినా, ఇంతకు ముందు ఎముక విరిగిన పెద్దవారు ఆ మాట మీద నిశ్చింతగా ఉండకూడదు.

డెక్సా యంత్రం కోసం డెల్టా పల్లెల నుంచి రాజమహేంద్రవరమో కాకినాడో వెళ్ళవలసి వస్తుంది గనుక, వెళ్ళే ముందు ఫోను చేసి ఒక మాట అడగడం మంచిది: "నడుముతో పాటు తుంటి కూడా తీస్తారా? అవసరమైతే ముంజేయి తీయగలరా?" 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నిర్వచనం ప్రకారం టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతరం ఎముక సాంద్రతతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే సాంద్రత తగ్గినట్టు. చిక్కంతా ఆ అంకె శరీరంలో ఎక్కడ తీసినదన్న దగ్గరే ఉంది. వెన్నెముక అరిగినవారికి పూసల అంచుల చుట్టూ ఎముక ముళ్ళు పెరుగుతాయి, చిన్న కీళ్ళు గట్టిపడతాయి, ముందున్న పెద్ద రక్తనాళంలో సున్నం పేరుకుంటుంది. యంత్రం వీటన్నిటినీ కలిపి ఎముకగానే లెక్కిస్తుంది. కుంగిన పూస కూడా నొక్కుకుపోయి దట్టంగానే కనిపిస్తుంది. మా మేనత్త రిపోర్టులో నడుము దగ్గర మైనస్ 0.9 అని ఉంది. కింద తుంటి దగ్గర మైనస్ 2.9. మొదటి అంకె మాత్రమే చూసి ఉంటే ఆమెకు ఏ జబ్బూ లేదనుకుని ఇంటికి తీసుకువచ్చేవాళ్ళం.

అందువల్ల కీళ్ళు బాగా అరిగినవారి విషయంలో తుంటి అంకెనే నమ్మాలి. ఒక తుంటికి కృత్రిమ కీలు అమర్చి ఉంటే రెండో వైపు తీయించాలి. రెండూ మార్చి ఉంటేనో, వంగిపోయి బల్ల మీద సరిగా పడుకోలేకపోతేనో ముంజేతి ఎముక మీద, మణికట్టు నుంచి మూడో వంతు దూరంలో కొలుస్తారు. ఇదివరకు విరిగిన చేయి అయితే అది కాకుండా రెండో చేయి ఇవ్వాలి.

డెక్సా అందుబాటులో లేకపోయినా పక్క నుంచి తీసిన వెన్నెముక ఎక్స్‌రే మన దగ్గరి పట్టణాలలోనే దొరుకుతుంది. వెన్నుపూసలు కుంగడంలో మూడింట రెండు వంతులు ఎవరి దృష్టికీ రాకుండానే జరిగిపోతాయి. నడుము నొప్పి ఎటూ ఉన్నదే కదా అని కీళ్ళ జబ్బు ఖాతాలో వేసేస్తారు. యవ్వనంలో ఉన్న ఎత్తు కన్నా 4 సెంటీమీటర్లు తగ్గితే ఎక్స్‌రే తీయించవలసిందే. చీర అంచు నేలకు రాసుకుంటోందని మేనత్త రెండేళ్ళుగా అంటూనే ఉంది. చీరలు పొడుగవుతున్నాయనుకున్నామే తప్ప, మనిషి పొట్టిదవుతోందని మాకు తోచలేదు. చిన్న దెబ్బకే తుంటి ఎముక విరిగినా, దెబ్బ లేకుండానే పూస కుంగినా, టి-స్కోరు ఎంత ఉన్నా సరే అది ఎముకలు గుల్లబారిన జబ్బే, మందు మొదలుపెట్టవలసిందే.

మందు కన్నా ముందు కిడ్నీ లెక్క

కీళ్ళ నొప్పులున్నవారికి, మిగతావారికి మందు ఎంపికలో వచ్చే ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. ఏళ్ళ తరబడి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ బిళ్ళలు మింగినవారిలో కిడ్నీ పని తగ్గి ఉండవచ్చు, అదీ రిపోర్టులో కంటికి కనిపించకుండా. కిడ్నీ పనితీరును సూచించే రక్తపరీక్ష అంకె, క్రియాటినిన్, మేనత్తకు 1.1 వచ్చింది. ల్యాబు కాగితం మీద అది మామూలు హద్దులోనే ఉంది. కానీ వయసునూ బరువునూ కలిపి లెక్క వేస్తే వచ్చే అంకె వేరు. 140లోంచి వయసు 76 తీసేస్తే 64. దాన్ని బరువు 45తో గుణిస్తే 2880. 72ను క్రియాటినిన్ 1.1తో గుణించగా వచ్చిన 79.2తో దాన్ని భాగిస్తే 36.4, స్త్రీలకు 0.85తో మళ్ళీ గుణించాలి గనుక దాదాపు 31. అంటే ఆమె కిడ్నీలు నిమిషానికి 31 మిల్లీలీటర్ల రక్తాన్ని మాత్రమే శుభ్రం చేస్తున్నాయి. ఈ అంకె 35 కన్నా తగ్గితే ఎముకల మందుల్లో వారానికొకసారి మింగే బిళ్ళా, ఏడాదికొకసారి ఎక్కించే సెలైనూ రెండూ వాడకూడనివి. నొప్పి బిళ్ళలు ఆపి ఆరు వారాల తరువాత మళ్ళీ చూస్తే క్రియాటినిన్ 1.0కు దిగి, లెక్క 34కు చేరింది. మెరుగుపడింది గానీ గీత దాటలేదు. సన్నగా ఉన్న పెద్దవారికి "క్రియాటినిన్ నార్మలే" అన్న మాటతో తృప్తిపడకుండా ఈ లెక్క అడిగి వేయించడం అవసరం.

రెండోది విటమిన్ డి, కాల్షియం. ఇవి లోపించి ఉండగా ఎముకల సూది వేస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. 60,000 యూనిట్ల పొడినో గుళికనో వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు, ఆపైన నెలకొకటి ఇవ్వడం మన దగ్గర వాడుకలో ఉన్న పద్ధతి. దీనికి బదులు "బలానికి" అని 6 లక్షల యూనిట్ల సూదిని పదేపదే వేయించుకునే అలవాటు మాత్రం మానుకోవాలి. వృద్ధ స్త్రీలకు ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఒకేసారి ఇచ్చి చూసిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది; అందులో పడిపోవడాలూ ఎముకలు విరగడాలూ తగ్గకపోగా పెరిగాయి. కాల్షియం రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు కావాలి. రెండు పెద్ద గ్లాసుల పాలతో దాదాపు సగం వస్తుంది. మిగతాది చోడి జావ, మునగాకు, నువ్వుండ, ముల్లుతో సహా తినే చిన్న చేపలు, ఎండు మెత్తళ్ళు పూర్తి చేయగలవు. అవేవీ పడనివారికే బిళ్ళ. కాల్షియం కార్బొనేట్ అయితే అన్నంతో పాటు వేసుకోవాలి. కడుపులో ఆమ్లం తగ్గించే మందు రోజూ వాడేవారికి సిట్రేట్ మేలు.

మూడోది పళ్ళు. ఈ మందుల మీద ఉండగా పన్ను పీకిస్తే దవడ ఎముక మానకపోవడం అరుదుగా జరుగుతుంది. ఎముకల బలానికి వాడే మోతాదుల్లో ఏడాదికి 10,000 మందిలో ఒకరికో, అంతకన్నా తక్కువ మందికో. కదిలే పన్ను ఉంటే ముందే తీయించుకుని, చిగురు మానాక మందు మొదలుపెడితే ఆ బెంగ కూడా ఉండదు.

నాలుగు దారులు

*వారానికొక బిళ్ళ.* అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాములు. అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ఎక్కువ కాలంగా వాడుకలో ఉన్నది. 1996లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, అప్పటికే పూస కుంగిన స్త్రీలలో కొత్తగా పూసలు కుంగడాన్నీ, తుంటి విరగడాన్నీ ఇది సుమారు సగానికి తగ్గించింది. కిడ్నీ లెక్క 35 పైన ఉండి, గొంతులో మంట, మింగడంలో ఇబ్బంది లేనివారు దీనితోనే మొదలుపెట్టాలన్నది నా అభిప్రాయం కూడా. అయితే దీని నియమం కఠినమైనది. నిద్ర లేవగానే పరగడుపున ఒక నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగి, అరగంట సేపు పడుకోకుండా, వంగకుండా, మరేదీ తినకుండా తాగకుండా ఉండాలి. గోదావరి జిల్లాల ఇళ్ళలో కాఫీ పడందే తెల్లవారదు. కాఫీతో మింగితే మందు ఒంటికి పట్టడం బాగా తగ్గిపోతుంది. పాలతోనో కాల్షియం బిళ్ళతోనో కలిపి మింగితే అసలే పట్టదు. గూని వచ్చి నిటారుగా కూర్చోలేనివారికి బిళ్ళ అన్నవాహికలో నిలిచి పుండు పడే ప్రమాదం ఉంది. నొప్పి బిళ్ళలతో ఇప్పటికే కడుపు పాడైనవారికి ఇది మరింత బాధ. రుమటాయిడ్ వల్ల వేళ్ళు వంకరపోయినవారు రేకులోంచి బిళ్ళను తీసుకోలేరు. ఇంట్లో ఒకరు ప్రతి వారం తీసి ఇవ్వాలి. ఇది చిన్న విషయంగానే కనిపిస్తుంది గానీ, ఆరు నెలలకే మందు మూలపడడానికి ఇలాంటివే కారణాలు.

*ఏడాదికొక సెలైను.* జోలెడ్రానిక్ ఆమ్లం 5 మిల్లీగ్రాములు, కనీసం 15 నిమిషాల పాటు నరంలోకి ఎక్కిస్తారు. 4 మిల్లీగ్రాముల సీసా క్యాన్సరు రోగులకు ఉద్దేశించినది; ఏది ఎక్కిస్తున్నారో అడగడంలో తప్పులేదు. 2007లో వెలువడిన అధ్యయనంలో మూడేళ్ళలో పూసలు కుంగడం 70 శాతం, తుంటి విరగడం 41 శాతం తగ్గాయి. తుంటి విరిగి ఆపరేషను అయినవారికి మూడు నెలలలోపు దీన్ని మొదలుపెట్టినప్పుడు మరణాలు కూడా తగ్గాయి. మందులు మరచిపోయేవారికి, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి పండక్కి మాత్రమే వచ్చేవారికి, కడుపు నొప్పి ఉన్నవారికి ఇంతకన్నా సుఖమైన దారి లేదు. కిడ్నీ లెక్క 35 పైన ఉండి తీరాలన్నది మాత్రం మరువకూడదు. ఎక్కించుకునే ముందు నీళ్ళు బాగా తాగాలి, ఆ వారం నొప్పి బిళ్ళల జోలికి పోకూడదు.

మొదటిసారి ఎక్కించుకున్నాక మూడు రోజుల వరకు జ్వరం, ఒళ్ళునొప్పులు సాధారణం, పారాసెటమాల్‌తో సర్దుకుంటాయి. కీళ్ళ జబ్బువారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన గందరగోళం వస్తుంది. కీళ్ళన్నీ ఒక్కసారిగా సలపడంతో "మందు పడలేదు, వాతం తిరగబెట్టింది" అనుకుని స్టెరాయిడ్ సూదికి పరుగెత్తుతారు. మూడు రోజుల జ్వరం గురించి ముందే చెప్పి ఉంచితే ఆ పరుగు ఉండదు. డెంగీ, మలేరియా తిరిగే వర్షాకాలంలో కాకుండా వేసవిలోనో, సంక్రాంతి తరువాతనో ఎక్కించుకుంటే ఏది ఏ జ్వరమో అన్న అనుమానం కూడా తప్పుతుంది.

*ఆరు నెలలకొక సూది.* డెనోసుమాబ్ 60 మిల్లీగ్రాములు, చర్మం కింద. 2009 నాటి అధ్యయనంలో పూసలు కుంగడం 68 శాతం, తుంటి విరగడం 40 శాతం తగ్గాయి. పదేళ్ళ వరకు వాడి చూసిన అనుభవం ఉంది. కిడ్నీ లెక్క 35 కన్నా తగ్గినవారికి కూడా ఇవ్వవచ్చన్నదే దీని పెద్ద అనుకూలత. అయితే డయాలిసిస్ దాకా వచ్చినవారిలో కాల్షియం ప్రాణాంతకంగా పడిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024లో గట్టి హెచ్చరిక చేర్చింది. రక్తంలో కాల్షియం, విటమిన్ డి చూడకుండా దీన్ని వేయించుకోకూడదు.

దీనిలోని అసలు ప్రమాదం మానేసినప్పుడు బయటపడుతుంది. వారం బిళ్ళ, ఏడాది సెలైను ఎముకలో నిలిచి ఉండి, ఆపిన తరువాత కూడా కొంతకాలం కాపాడతాయి. డెనోసుమాబ్‌కు అటువంటి నిల్వ లేదు. గడువు దాటి ఒక నెల గడిచే సరికి అణగి ఉన్న ఎముక కరుగుదల రెట్టింపు వేగంతో మొదలై, ఒకదాని వెంట ఒకటిగా పూసలు కుంగవచ్చు. అందువల్ల ఏడో నెల దాటనివ్వకూడదు. ఆపదలచుకుంటే వెంటనే మరో మందుకు మారాలి. మార్చవలసిన మందు సాధారణంగా జోలెడ్రానిక్ ఆమ్లమో అలెండ్రోనేటో అయి ఉంటుంది. కిడ్నీలు దెబ్బతిన్నందువల్లే ఇటు వచ్చినవారికి ఆ దారి ఇరుకైనదని మొదలుపెట్టే రోజునే తెలుసుకోవాలి. మేనత్తకు మేము చివరికి ఎంచుకున్నది ఇదే, ఒకసారి మొదలుపెడితే బహుశా ఇక ఆపలేమని తెలిసే.

మొదటి సూది సంక్రాంతికి వేయించాము. అందరూ ఊళ్ళో ఉన్నారు గనుక అదే మంచి రోజనుకున్నాము. రెండోదాని గడువు జులై మధ్యలో పడింది. ఆ వారమే గోదావరికి వరద వచ్చి లంక చుట్టూ నీళ్ళు చేరాయి, కాజ్‌వే మునిగింది, పడవలు ఆపేశారు. సూది మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఆమె ఇంట్లో కరెంటు లేదు, మందు అమలాపురంలో, మనిషి లంకలో. చివరికి 18 రోజులు ఆలస్యంగా వేయించగలిగాము. అప్పటి నుంచి జులై రాగానే ఆమెను పట్నంలో మా ఇంటికి తెచ్చి ఉంచుకుంటున్నాము. కొత్తగా మొదలుపెట్టేవారు మొదటి సూదిని జూను మొదట్లోనో డిసెంబరులోనో వేయించుకుంటే, ఆ తరువాతి గడువులన్నీ వరదలకు అటూ ఇటూ పడతాయి. పండగ తిథులు మారుతుంటాయి గనుక తేదీనే గుర్తు పెట్టుకోవాలి. ఏ వైద్యుడూ చెప్పని ఈ ఒక్క విషయం లంకవాసులకు మందు పేరు కన్నా ముఖ్యం.

*రోజూ ఒక సూది.* టెరిపారటైడ్ 20 మైక్రోగ్రాములు, రెండేళ్ళ వరకు. పై మూడూ ఎముక కరగడాన్ని ఆపే మందులు; కొత్త ఎముకను కట్టే మందు ఇది. పూసలు ఇప్పటికే కుంగినవారికి, స్టెరాయిడ్ల వల్ల ఎముక దెబ్బతిన్నవారికి దీనికే మొదటి స్థానం. 2018లో వెలువడిన ఒక పోలికలో, రెండేళ్ళలో కొత్తగా పూసలు కుంగినవారు టెరిపారటైడ్ వాడినవారిలో 5.4 శాతం, రిసెడ్రోనేట్ అనే బిళ్ళ వాడినవారిలో 12 శాతం. ఆ లెక్కన చూస్తే మేనత్తకు ఇవ్వవలసింది ఇదే. కానీ పెన్ను పట్టి నొక్కేంత బలం ఆమె వేళ్ళలో లేదు, రోజూ వచ్చి వేసే మనిషి లేదు, తుఫాను రోజుల్లో ఫ్రిజ్ పనిచేస్తుందన్న నమ్మకం లేదు. మన దేశంలోనే తయారవుతున్న బయోసిమిలర్ల (అసలు మందును పోలిన మందుల) వల్ల ధర తగ్గినా, నాలుగింటిలో ఇప్పటికీ ఖరీదైనది ఇదే. ఇంట్లో చేయి తిరిగిన మనవరాలో కోడలో ఉండి, ఖర్చు భరించగలిగితే, పూస కుంగినవారు దీన్ని కాదనడానికి కారణం లేదు. సూది వేసుకున్న మొదటి రోజుల్లో లేచి నిలబడితే కళ్ళు తిరగవచ్చు గనుక రాత్రి పడుకోబోయే ముందు వేయడం మంచిది. రెండేళ్ళు పూర్తయ్యాక ఎముక కరగడాన్ని ఆపే మందు ఏదో ఒకటి కొనసాగించకపోతే కట్టిన ఎముక మళ్ళీ కరిగిపోతుంది. ఇదివరకు క్యాన్సరుకు రేడియేషన్ తీసుకున్నవారు దీన్ని వాడకూడదు.

ఇంకా కొన్ని చీటీలలో ముక్కులో కొట్టుకునే కాల్సిటోనిన్ స్ప్రే కనిపిస్తుంది. దీర్ఘకాలం వాడితే క్యాన్సరు ముప్పు కొంత పెరుగుతుందని తేలడంతో 2012లో యూరప్‌లో దాన్ని ఈ జబ్బుకు వాడవద్దన్నారు. ఫలితమూ అంతంత మాత్రమే. రాలోక్సిఫీన్ పూసలను కాపాడుతుంది గానీ తుంటిని కాపాడినట్టు రుజువు లేదు, కదలకుండా ఉండేవారి కాళ్ళలో రక్తం గడ్డకట్టే భయం కూడా ఉంది. గ్లూకోసమిన్ ఎముకను గట్టిపరచదు. ఆ డబ్బుతో పాలు కొనుక్కోవచ్చు.

నొప్పికి వాడేది ఎముకకు చేసే చెరుపు

ఎంత మంచి ఎముకల మందు వాడినా, మరోపక్క స్టెరాయిడ్ వెళుతూ ఉంటే చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే. ప్రెడ్నిసొలోన్ రోజుకు 2.5 మిల్లీగ్రాములు గానీ అంతకన్నా ఎక్కువ గానీ మూడు నెలలు దాటి వాడవలసినవారికి ఎముక పరిస్థితిని మొదట్లోనే చూడాలి, ఎందుకంటే నష్టమంతా తొలి నెలల్లోనే వేగంగా జరుగుతుంది. చీటీలో రాసిన స్టెరాయిడ్ కన్నా రాయని స్టెరాయిడ్ ఎక్కువ ప్రమాదం. పొట్లాలలో కట్టి ఇచ్చే పేరులేని వాతం పొడి వేసుకున్న రెండో రోజుకే నొప్పి మాయమై, ఆకలి పెరిగి, నెలకు ముఖం గుండ్రంగా ఉబ్బితే, అందులో ఏముందో ఊహించడం కష్టం కాదు. పల్లెలో నెలకొకసారి వేయించుకునే "నొప్పి సూది" సంగతీ అంతే కావచ్చు. ఆ పొట్లాన్ని దాచకుండా వైద్యుడికి చూపించాలి. ఒక్కసారిగా మానేస్తే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు గనుక మెల్లగా తగ్గించాలి. రుమటాయిడ్ ఉన్నవారికి మెథోట్రెక్సేట్ వంటి మందులు సరిగా కుదిరితే స్టెరాయిడ్ అవసరం తగ్గుతుంది. ఎముకకు అదే పెద్ద మేలు. మోకాళ్ళ అరుగుదలకు డైక్లోఫెనాక్ బిళ్ళ బదులు అదే మందు జెల్లు రాసుకుంటే కిడ్నీకి చేరే భాగం చాలా తక్కువ.

ముందు మోకాలి ఆపరేషనా, ముందు ఎముకల మందా?

ఎముకలు గుల్లబారాయి కాబట్టి మోకాలు మార్చకూడదని కొందరు, మోకాలు మారిస్తే ఎముకల మందు అక్కర్లేదని కొందరు అంటుంటారు. రెండూ సరికావు. ఆపరేషను అవసరమైనవారికి ఎముకల మందు పేరుతో ఏడాది వాయిదా వేయడం వల్ల, కదలక ఎముక ఇంకా పలచబడుతుందే తప్ప లాభం లేదు. విటమిన్ డి సరిచేసి, శస్త్రవైద్యుడికి డెక్సా రిపోర్టు చూపిస్తే, సిమెంటు వాడాలా, పొడవు కాడ ఉన్న కీలు అమర్చాలా అన్నది ఆయన ముందే నిర్ణయించుకుంటారు. మోకాలిలో స్టెరాయిడ్ సూది వేయించుకుని ఉంటే మూడు నెలలు గడిచాకే ఆపరేషను చేయించుకోవాలి, లేకపోతే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆపరేషను తరువాత ఎముకల మందు మానకూడదు. పడితే కృత్రిమ కీలు పక్కనే ఎముక విరుగుతుంది, దాన్ని అతకడం మొదటి ఆపరేషను కన్నా కష్టం.

ఆపరేషను వద్దనుకున్నవారు చేతికర్రను నొప్పి ఉన్న మోకాలికి ఎదుటి వైపు చేత్తో పట్టుకోవాలి. మా వీధిలో పదిమందిలో తొమ్మిది మంది నొప్పి వైపే పట్టుకుంటారు. రెండు మోకాళ్ళూ పోయినవారికి కర్ర చాలదు, వాకర్ కావాలి. కర్ర చివర రబ్బరు అరిగిపోతే తడి గచ్చు మీద కర్ర కూడా జారుతుంది.

ఎంతకాలం, ఏది చూసి ఆపాలి

వారం బిళ్ళ అయిదేళ్ళు, ఏడాది సెలైను మూడేళ్ళు వాడాక మళ్ళీ డెక్సా చూసి, కొత్తగా ఏదీ విరగకుండా తుంటి అంకె మైనస్ 2.5 కన్నా మెరుగుపడితే కొంతకాలం విరామం ఇవ్వవచ్చు. పూస కుంగినవారు, స్టెరాయిడ్ మీద ఉన్నవారు ఇంకా ఎక్కువ కాలం వాడవలసి రావచ్చు. డెనోసుమాబ్‌కు విరామమన్నది లేదు.

ఎముక కరగడాన్ని ఆపే ఈ మందులను చాలా ఏళ్ళు వాడినవారిలో అరుదుగా తొడ ఎముక మధ్యలో బీట పడుతుంది. ఇది ఆసియా వాసులలోనూ, తొడ ఎముక విల్లులా వంగి ఉన్నవారిలోనూ కాస్త ఎక్కువ. విరగడానికి కొన్ని వారాల ముందు నుంచే గజ్జలోనో తొడలోనో, అడుగు వేసినప్పుడల్లా మందమైన నొప్పి మొదలవుతుంది. కీళ్ళ జబ్బువారి ఇంట్లో ఆ నొప్పిని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే మోకాలి నొప్పి తొడకు పాకిందనే అనుకుంటారు. మేనత్త మంచం పక్కన గోడ మీద మేము రెండు విషయాలే రాసి అంటించాము. ఒకటి తరువాతి సూది తేదీ. రెండోది, తొడలో కొత్త నొప్పి వస్తే నూనె రాసి మర్దన చేయకుండా వెంటనే రెండు తొడలకూ ఎక్స్‌రే తీయించమని.